పచ్చి టమాటా పచ్చడి: మా భీవండి బతుకు లెక్క

ఇంతకుముందు ఈ పేజీలో తాతల ఊర్లు, గోత్రాలు, సాంచాల లెక్కలు రాసుకున్నాం. అవన్నీ మగవాళ్ళ కాగితాల్లోంచి వచ్చినవే. నాయనమ్మలు కాగితం మీద ఏమీ పెట్టలేదు. వాళ్ళ చరిత్ర కావాలంటే వంటింట్లోనే వెతకాలి. అందుకే ఈసారి పచ్చి టమాటా పచ్చడి.

తెలంగాణలో చేనేత పని సన్నగిల్లినకొద్దీ సిరిసిల్ల, కరీంనగర్ వైపు పద్మశాలీలు షోలాపూర్, ముంబై, భీవండి దారి పట్టారు. 1982 జనవరి 18న ముంబై బట్టల మిల్లుల్లో దత్తా సామంత్ నాయకత్వాన పెద్ద సమ్మె మొదలైంది. దాదాపు 2.5 లక్షల మంది పని ఆపేశారు. మిల్లులు మళ్ళీ పూర్తిగా తేరుకోలేదు. ఆ పని చాలామటుకు భీవండి మరమగ్గాలకు మళ్ళింది. సాంచాలు పగలూ రాత్రీ నడిచేవి, షిఫ్టుకు 12 గంటలు. నేసిన మీటర్లను బట్టి కూలి, అదీ మగవాళ్ళ పేరు మీదే. ఇంట్లో కండెలు చుట్టిన ఆడవాళ్ళ పేరు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. రెండు షిఫ్టులకూ డబ్బా కట్టింది మాత్రం వాళ్ళే.

ఆ డబ్బాలో జొన్నరొట్టె, దాని పక్కన ఈ పచ్చడి. పండు టమాటా కాకుండా పచ్చికాయే ఎందుకు? ఒకటి, బజారులో పండ్లు ఏరగా మిగిలిన పచ్చికాయ చవకగా దొరికేది. రెండు, కాయలోనే పులుపు ఉంటది, చింతపండు కొనే పని లేదు. మూడు, పండులాగా నీళ్ళు కారదు, రొట్టెలో చుట్టుకుని మగ్గం పక్కన నిలబడే తినొచ్చు. 1984 మేలో ఇక్కడ అల్లర్లు జరిగి కర్ఫ్యూ పెట్టినప్పుడు కూడా ఇంట్లో పూట గడిపింది ఇదేనని పెద్దవాళ్ళు చెబుతారు.

మేము బడిలో చదివింది కన్నడ మీడియం. అక్కడ పుస్తకంలో ‘టొమేటో హణ్ణు’, అంటే పండు. ఇంట్లో మాత్రం కాయే. కోస్తా ఊర్లలో పెద్దలు దీన్ని రామములగ అంటారు. నిజానికి టమాటా పుట్టింది దక్షిణ అమెరికా వైపు, మెక్సికోలో పంటగా స్థిరపడింది. మిరప, పల్లీ కూడా అమెరికా ఖండాలవే, సముద్రం దాటి మన దగ్గరికి వచ్చినవే. నువ్వులు మాత్రం మన నేలవి. హరప్పా తవ్వకాల్లో కాలిన నువ్వులు దొరికాయి. అంటే మనం ‘పాతకాలపు పచ్చడి’ అనే దాంట్లో సగం వలస వచ్చిన సరుకే. మనలాగానే!

మా ఇంటి పద్ధతి ఇది. అర కిలో గట్టి పచ్చికాయలు, 10 పచ్చిమిరపకాయలు, మూడు చెంచాల నువ్వులు, గుప్పెడు పల్లీలు, 8 ఎల్లిపాయ రెబ్బలు, కొంచెం జీలకర్ర. నువ్వులు, పల్లీలు విడివిడిగా వేయించి తీయాలి. నూనెలో మిరపకాయలు, తర్వాత కాయ ముక్కలు వేసి మూత పెట్టి, పచ్చివాసన పోయేదాకా మగ్గనివ్వాలి. ముందు పప్పులు దంచి, తర్వాత ఎల్లిపాయ, జీలకర్ర, ఉప్పు, ఆఖరికి చల్లారిన ముక్కలు వేయాలి. మెత్తగా రుబ్బొద్దు. నువ్వులు నాయనమ్మ ఊరి నుంచి తెచ్చిన అలవాటు. పల్లీలు ఇక్కడి మరాఠీ పొరుగింటి నుంచి వచ్చాయి. డబ్బాకు పోపు ఉండదు, ఆదివారం ఇంట్లో తినేదానికే పోపు.

ఇప్పుడు మేముండే మాన్కోలి గోదాముల ఊరు. నాసిక్ వైపు నుంచి టమాటా లారీలు ఈ రోడ్డు మీదే ముంబై పోతుంటాయి. భీవండిలో చాలా సాంచాలు తుక్కు కింద అమ్ముడయ్యాయి. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాం, పిల్లలు మరాఠీ, ఇంగ్లీషు చదువుతున్నారు. తెలుగు చదవలేని పిల్లలకు ఈ పేజీ అందకపోవచ్చు, రుచి అందుతుంది. కాబట్టి వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి చేయండి. దంచేటప్పుడు కండెలు చుట్టిన నాయనమ్మల పేర్లు చెప్పండి.

సిరిసిల్ల, షోలాపూర్ చుట్టాలు తమ ఇంట్లో ఏం కలుపుతారో, అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసి పంపండి. ఆ పేర్లు కూడా ఇక్కడ చేరుద్దాం.