కంచు మోగితే పేర్లు లేస్తయ్

ఆ మొద్దు కొంచెం లోపలికి జరుపు. పచ్చికట్టె పెట్టొద్దురా, పొగ తప్ప మంట రాదు. ఆఁ, అట్ల. ఇగ ఆ చెవుల్ల పెట్టుకున్నది ఇటియ్యి, నేనూ వింటా.

అమ్మో! ఇది పాటనా, కంకర మిల్లునా?

మెటల్ అంటవా? ప్రోగ్రెసివ్ మెటలా? ఆ డ్రమ్ములాయన పేరు మైక్ పోర్ట్‌నోయ్, అమెరికా ఆయన. 1985ల బోస్టన్ల సంగీతం చదువుకుంటా ఇంకిద్దరు దోస్తులతోటి బృందం కట్టిండు. అదే ఇప్పుడు డ్రీమ్ థియేటర్. మంచిదే. 2010ల అలిగో అలిసో బయటికి పోయి, పదమూడేళ్లకు, 2023ల మళ్లొచ్చి అదే కుర్చీల కూసున్నడు. అంతకంటే మంచిది. ఆయన ఐదు లెక్కన, ఏడు లెక్కన దెబ్బలేస్తడని గొప్పగా చెప్తున్నవు. ఒరే, మన కోయోళ్లు మనుషుల్నే ఆ లెక్కన పెట్టిన్రురా! మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, ఆరో గట్టు, ఏడో గట్టు. ఒక గట్టోళ్లంతా అన్నదమ్ములే, పిల్లనిచ్చుకోరు. ఆ లెక్క తప్పితే తాళం తప్పుడు కాదు, సంబంధమే తప్పుతది.

ఇంకో సంగతి. మెటలంటే లోహమే గదా? మరి కంచు లోహం కాదా? రాగిల తగరం కలిపి పోస్తే కంచు. మనకు కంచుమేళం, కంచుతాళం అని ఎప్పటినుంచో ఉన్నయ్. గోదారి గట్టున మన మణుగూరు మండలంల కూనవరమనే ఊరుంది. అక్కడి సకిని రామచంద్రయ్యకు 2022ల పద్మశ్రీ ఇచ్చింది ఆ కంచుకే.

కూనవరమంటే నీకు వేరేది గుర్తొస్తది, నాకు తెల్సు. శబరి వచ్చి గోదారిల కలిసే కూనవరం వేరు. అది భద్రాచలం కింద, 2014ల ముంపు మండలాలతోటి ఆంధ్రల కలిసింది. ఇది మనది. పేపరు చదివినోళ్లు గూడా అప్పట్ల రెండూ కలిపేసుకున్నరు.

నా చిన్నప్పుడు మెయిన్ రోడ్డు దాటితే అంతా అడివే. బొగ్గు బావులు తర్వాతొచ్చినయ్, నా కొలువూ తర్వాతదే. ఎవరన్న సచ్చిపోతే దినాలకు డోలీలోళ్లను పిలిచేటోళ్లు. డోలీలంటే కోయలల్లనే ఒక తెగ, మనకు కథ చెప్పేటోళ్లు. మెడకు డోలు, చేతుల్ల కంచు తాళాలు, ఎంట ఒక కొమ్ము. రాత్రి నెగడేసి కూసుండబెడితే ఇగ తెల్లారేదాక లేచేది లేదు. మొదలు డోలు మెల్లగ, కుండల నీళ్లు కాగినట్టు. తర్వాత తాళం అందుకుంటది. ఆ తర్వాత నోరు తెరిస్తే పేర్లురా పేర్లు. సచ్చినాయన నాయన, ఆయన నాయన, ఏ ఊరినుంచి ఏ వాగు దాటి ఇక్కడికొచ్చిన్రు, ఇంటి వేల్పు ఏది, ఎవరి పక్కన నిలబడి కొట్లాడిన్రు. కొన్ని కోయల, కొన్ని తెలుగుల. మూడు మూలల పొడుగాటి గుడ్డ ఒకటుంటది, పడిగె అంటరు. దాని మీద బొమ్మలు. ఒక్కో బొమ్మ ఒక కథ. మనకు కాయితం లేదు, గదే మన కాయితం. ఎవరికన్న పేరు మరుపొస్తే దెబ్బ ఆగదు, దెబ్బలోనే ఆ పేరు వెతుక్కుంటరు.

నేను సగం వినేటోణ్ణి, సగం నిద్రపోయేటోణ్ణి. మా అమ్మ గిల్లి లేపేది. మన పేరొస్తుంది, లెవ్వురా అని.

సూసినవా తేడా? మీ పోర్ట్‌నోయ్ బృందం వదిలి పదమూడేళ్లు పోతే ఆ జాగల ఇంకొకరు కూసున్నరు, పాటలూ వచ్చినయ్. డోలీ ఆయన వదిలితే ఎవరు కూసుంటరు? పాట ఆయన సొంతం కాదు. పది ఊళ్ల తాతల పేర్లు ఆయన గొంతుల దాచుకున్నయ్. రామచంద్రయ్యా డోలీయే. ఆ పని ఆయన కోరి పట్టుకున్నది కాదు, పుట్టుకతోటి వచ్చింది. నాకైతే గదే పెద్ద కష్టమనిపిస్తది. సప్పట్ల కోసం వాయించేటోడు ఎప్పుడన్న సాలిచ్చుకోవచ్చు.

ఆయన ఇంటికి పోయి కూసునే చనువు నాకు లేదు, ఉన్నదున్నట్టు చెప్తున్న. మేడారం కథ చెప్పుట్ల ఆయనే అని అందరూ అనేటోళ్లు. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, జంపన్న. రెండేండ్లకోసారి మాఘ పున్నానికి జాతర. మేము బండ్లు కట్టుకొని పోయేటోళ్లం. కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు, ఆఖరుకు చిలకలగుట్ట దిగి కుంకుమ భరిణెగ సమ్మక్క. అక్కడ గుడి లేదు, విగ్రహం లేదు. ఉన్నది గద్దె, దాని సుట్టూ మోగే మోత. మోత లేకుంటే తల్లి దిగదని మా అవ్వ నమ్మేది. నేనూ అంతే.

2022 జనవరి చివర పద్మశ్రీ ప్రకటన, మూడు వారాలకే జాతర. ఆ ఏడు పద్మశ్రీ వచ్చిన మనోళ్లల్ల పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్య గూడా ఉన్నడు. మన ప్రభుత్వం ఇద్దరికీ చెరో కోటి రూపాయలు, ఇంటి జాగా ప్రకటించింది. మార్చిల రామచంద్రయ్య ఢిల్లీకి పోయి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీద పతకం తీసుకున్నడు. టీవీల అదే సూపిచ్చిన్రు. నాకు మాత్రం ఆ పొద్దు డోలు మోత వినాలనిపించింది, అది సూపియ్యలే.

   

2024ల ఫిబ్రవరి జాతరైంది. నాలుగు నెలలకు, జూన్ 23న రామచంద్రయ్య పోయిండు. పేపర్ల సంతాపాలొచ్చినయ్. నేను మాత్రం ఒక్కటే అడిగిన, మీ అమ్మతోటి. మంది దినాలకు తాతల పేర్లు లేపినోడు గదా, ఆయన దినాలకు ఎవరు లేపిన్రని. తెలువదన్నది.

ఏందిరా, మన వంశం చెప్పాలా? నా పేరు నీకు తెల్సు. మా నాయనది తెల్సు. మా తాత పేరు ముత్తయ్య, మా ముత్తాత గంగయ్య. ఆయన నాయన...

ఆ రాత్రి మా అమ్మ గిల్లింది, నేను లేవలే.