అక్షరము రానివాని కొఱకు యంత్రము

బెంగుళూరున స్థిరపడిన మన తెలుగు కుటుంబముల యువతీయువకులలో కొందఱు నేడు యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైనర్లుగా పనిచేయుచున్నారు. ఆ వృత్తి యెట్టిదని పెద్దలడిగినచో, వారిచ్చు సమాధానము తేలికగా బోధపడదు. వస్తువును వాడువాని కన్నులతో చూచి, వాని తడబాటును ముందుగానే యూహించి, దానికి రూపము కల్పించుటయే దాని సారము. సహానుభూతి, సృజనశక్తి రెండును కలసిననే యది సాధ్యము. పేరు క్రొత్తదే కాని, పని మన యూరికి క్రొత్తది కాదు. మనమందఱము వ్రేలితో నొక్కి యెఱిగిన ఓటింగు యంత్రమే యందులకు నిదర్శనము.

1951-52 నాటి మొదటి సామాన్య ఎన్నికలలో ఓటర్లు అధికసంఖ్యాకులు నిరక్షరాస్యులు. అందుచే ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె నేర్పఱచి, దానిపై గుర్తు నంటించిరి. తరువాత పేర్లు, గుర్తులు ఒకే పత్రముపై నచ్చొత్తించి, ముద్ర వేయించు పద్ధతి వచ్చినది. ముద్ర రెండు గడుల నడుమ పడినచో ఓటు చెల్లకపోవచ్చును. అది ఓటరు దోషముకంటె పత్రము దోషమే యని మా యభిప్రాయము.

1977లో ఎన్నికల సంఘము యంత్రమును గూర్చి యాలోచింప నారంభించినది. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1979లో నమూనాను సిద్ధపఱచినది. పిమ్మట 1954లో మన జాలహళ్లిలో నెలకొన్న భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయు ఆ కార్యమున చేరినది. అచటి యింజనీయరు ఎస్. రంగరాజన్ ఈ యంత్ర నిర్మాణమును పర్యవేక్షించిరి. తమిళ పాఠకులు వారిని 'సుజాత' యను కథారచయితగా నెఱుగుదురు. కథకునకు యంత్రముతో నేమి పని యని కొంద ఱాశ్చర్యపడవచ్చును. పరుని మనస్సున ప్రవేశింపనిదే కథ సాగదు గదా! యంత్రపు బాహ్యరూపమును బొంబాయి ఐ.ఐ.టి.లోని ఆచార్యులు ఎ.జి. రావు, రవి పూవయ్యలు తీర్చిరి.

ఆ రూపమును ఒకసారి పరికింపుడు. అభ్యర్థి పేరు, ప్రక్కనే గుర్తు, దాని కెదురుగా నీలిరంగు మీట. మీట నొక్కగనే ఎఱ్ఱదీపము వెలుగును, కూతయు వినబడును. వెలుగు చెవిటివానికి, కూత చూపు మందగించినవానికి, రెండును అనుమానపు మనిషికి! రెండవమారు నొక్కినను ఫలితము లేదు. ఎన్నికల యధికారి తన పెట్టెపై మీట నొక్కి యనుమతించినగాని మఱియొక ఓటు పడదు. కరెంటు లేని పల్లెలో సయితము బ్యాటరీతో పనిచేయును. కన్నడలిపి మన లిపికి సోదరియే యైనను, దానిని చదువ నలవాటులేని మన యిండ్ల వృద్ధులు గుర్తును జూచి తమ యిచ్ఛ వచ్చినవారికి ఓటు వేయగలుగుచున్నారు. పరరాష్ట్రమున నల్పసంఖ్యాకులమైన మనకు ఇది చిన్న విషయము కాదు.

వాడువారి సౌకర్యమొకటియే చాలదని 1982లో తేలినది. ఆ యేటి మే 19న కేరళలోని పరవూరు నియోజకవర్గమున 50 పోలింగు కేంద్రములలో మొదటిసారి ఈ యంత్రములను వాడిరి. శివన్ పిళ్ళై 123 ఓట్ల తేడాతో గెలిచిరి. ఓడిన ఎ.సి. జోస్ న్యాయస్థానమున కేగిరి. యంత్రమున కప్పటి చట్టములో చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు నిర్ణయించి, ఆ కేంద్రములలో మరల పోలింగు జరిపింపుమన్నది. ఈమారు జోస్ గెలిచిరి. 1988లో చట్టమును సవరించిరి. 1998లో కొన్ని శాసనసభా స్థానములలో యంత్రములు తిరిగి కనబడినవి. 2004లో లోక్‌సభ ఎన్నికలన్నియు వానితోనే జరిగినవి.

అంతటితో రూపకల్పన ముగియలేదు. అంధులు తోడులేకయే ఓటు వేయుటకై మీటల ప్రక్క బ్రెయిలీ అంకెల నమర్చి, 2004లో హైదరాబాదు ఆసిఫ్‌నగర్ ఉపయెన్నికలో పరీక్షించిరి. తన ఓటు ఎవరికి పడినదో తానే చూడవలెనను ఓటరు కోరికకు బదులుగా, 2013లో నాగాలాండులోని నోక్సెన్‌లో కాగితపు చీటీ వచ్చినది. అది గాజుపలక వెనుక 7 సెకండ్లు నిలిచి, పెట్టెలో పడును. ఒకే పేరు గలవారు పోటీచేసినపుడు ఓటరు తికమకపడకుండుటకై 2015 నుండి గుర్తు ప్రక్క అభ్యర్థి ఛాయాచిత్రమును కూడ చేర్చుచున్నారు.