చదువుకు మైలురాళ్ళు



తడ, ఆరంబాక్కం, గుమ్మిడిపూండి, రెడ్‌హిల్స్ మీదుగా మద్రాసు చేరే పెద్ద రోడ్డు మన సరిహద్దు జిల్లాల వారికి కొత్త కాదు. ఆ రోడ్డు మీద పట్నం పొలిమేరలో తగిలే ఊరు మాధవరం. 2011 వరకు అది తిరువళ్ళూరు జిల్లాలో ఒక మునిసిపాలిటీ. ఆ ఏడాది చెన్నై కార్పొరేషన్‌లో కలిసింది. 2018 అక్టోబరు నుంచి నెల్లూరు, తిరుపతి వైపు బస్సులు అక్కడి కొత్త బస్టాండు నుంచి బయలుదేరుతున్నాయి. పనికోసం, వైద్యంకోసం, చుట్టరికంకోసం మనవాళ్ళు అక్కడ దిగుతుంటారు. కొందరు అక్కడే కాపురాలు పెట్టి పిల్లల్ని సర్కారు బడుల్లో చేర్పిస్తారు.

ఈ రోజు నేను ఆ బడులకు సంబంధించిన ఒక పాత ప్రశ్న గురించి మాట్లాడతాను. బడిలో చేరిన పిల్లవాడు ఏడాది తిరిగేసరికి ఏం నేర్చుకోవాలి? నేర్చుకున్నాడో లేదో ఎలా తెలుస్తుంది? ఆ లెక్క ఎవరు రాయాలి, ఎవరికోసం రాయాలి? ఈ ప్రశ్నకు మన ప్రాంతంలో రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో మన తెలుగువాళ్ళ పాలు కూడా తక్కువేమీ కాదు.

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఎంతమంది చదువుతున్నారో లెక్క తీసి పంపమని కలెక్టర్లను ఆదేశించాడు. అంతకు ముందు దత్తమండలాల కలెక్టరుగా ఉండి, మన రాయలసీమ పల్లెలన్నీ తిరిగినవాడు మన్రో. జవాబులన్నీ వచ్చేసరికి ఏళ్ళు పట్టింది. 1826 మార్చిలో ఆయన రాసిన నివేదిక ప్రకారం రాజధాని మొత్తంలో బడులు 12,498, చదివే పిల్లలు 1,88,650 మంది. జనాభా ఒక కోటీ ఇరవై ఎనిమిది లక్షల పైచిలుకు. అంటే సుమారు వెయ్యిమందికి ఒక బడి అన్నమాట.

ఆ జవాబులన్నిటిలో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపినది ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. తెలుగు వ్యాకరణం రాసిన క్యాంప్‌బెల్ ఈయనే. నేటి అనంతపురం ప్రాంతం కూడా అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని ఆయన లెక్క చెప్పాడు. అందులో ఆడపిల్లలు అరవై మందే. కన్నడం చెప్పే బడులు 235, తెలుగు చెప్పేవి 226. మరాఠీ, పారసీ, తమిళం చెప్పేవి కొన్ని. ఇంగ్లీషు చెప్పేది ఒకే ఒక్కటి. సరిహద్దు జిల్లా అంటే ఎలా ఉంటుందో ఆ పట్టికే చెబుతుంది.

క్యాంప్‌బెల్ తలలు లెక్కపెట్టి ఊరుకోలేదు. బడి ఎలా నడుస్తుందో కూడా చూశాడు. పొద్దున అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో అయ్యవారు సరస్వతి పేరు రాస్తాడు. రెండోవాడికి సున్న చుడతాడు. అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు. అలా ఆలస్యమైన కొద్దీ దెబ్బలు పెరుగుతాయి. పిల్లల్ని సాధారణంగా నాలుగు తరగతులుగా విడదీస్తారు. వయసును బట్టి కాదు, నేర్చినదాన్ని బట్టి పైతరగతికి పంపుతారు. కిందివాళ్ళకు పైవాళ్ళు చెబుతారు. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దిస్తారు.

ఈ ఇసుక చదువే అంతకు ముందు 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి పెద్దగా వచ్చిన ఆండ్రూ బెల్ అనే పాదిరీ కంటపడింది. పిల్లలచేత పిల్లలకు చదువు చెప్పించే పద్ధతిని ఆయన తన బడిలో నడిపి, 1797లో లండన్‌లో పుస్తకంగా అచ్చువేశాడు. దానికి మద్రాసు పద్ధతి అని పేరు వచ్చింది. స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ పట్టణంలో బెల్ ఇచ్చిన డబ్బుతో వెలసిన బడిని ఇప్పటికీ మద్రాస్ కాలేజీ అనే పిలుస్తారు.

అయితే క్యాంప్‌బెల్ ఒక లోపం కూడా ఎత్తి చూపాడు. పిల్లలు పద్యాలు గడగడా అప్పజెబుతారు గాని వాటి అర్థం వారికి తెలియదు, ఎందుకంటే పద్యాల భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు అన్నాడు. అప్పజెప్పడం వేరు, నేర్చుకోవడం వేరు. ఈ తేడాను శ్రోతలు గుర్తుపెట్టుకోవాలి. తరవాతి కథంతా దీనిమీదే నడుస్తుంది.

1854లో ఉడ్ తాఖీదు వచ్చింది. విద్యాశాఖ ఏర్పడింది. ప్రైవేటు బడులకు సర్కారు గ్రాంటు ఇవ్వడం మొదలైంది. మరి ఏ బడికి ఎంత ఇవ్వాలి? ఇంగ్లాండులో 1862లో రాబర్ట్ లో అనే మంత్రి ఒక మార్గం కనిపెట్టాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షిస్తాడు. నెగ్గిన పిల్లల సంఖ్యను బట్టి బడికి డబ్బు వస్తుంది. ఆ దశకంలోనే ఈ పద్ధతి మద్రాసు రాజధానికీ వచ్చింది. మన వీధిబడి అయ్యవార్లు కూడా పిల్లల్ని ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టి, ఫలితాన్ని బట్టి గ్రాంటు పుచ్చుకోవడం అలవాటు చేసుకున్నారు.

దీనివల్ల మేలేమీ జరగలేదని అనలేం. మారుమూల వీధిబడులు కొన్ని సర్కారు లెక్కలోకి వచ్చాయి. ఏ తరగతికి ఏం రావాలో కాగితం మీద స్పష్టమైంది. కాని అయ్యవారి బువ్వ పిల్లవాడి పరీక్షతో ముడిపడ్డాక ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పరీక్షలో అడగనిది బడిలో చెప్పరు. తప్పకుండా పోతాడనుకున్న పిల్లవాడి మీద శ్రమ పెట్టరు. ఇన్‌స్పెక్టరు అడిగే పాఠం అర్థం కాకపోయినా అప్పజెప్పిస్తారు. 1904లో కర్జన్ ప్రభుత్వం తన విద్యా విధాన తీర్మానంలో ఈ ఫలితాల గ్రాంటు పద్ధతిని వద్దని చెప్పింది. నలభై ఏళ్ళు చూశాక తేలిన సంగతి ఇది: కొలత పైవాడి కోసం పెడితే, చదువు కూడా పైవాడి కోసమే అవుతుంది.

ఇక మన కాలానికి వద్దాం. 1980ల చివర్లో, అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఋషివ్యాలీలో పద్మనాభరావు, రమ అనే దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడపడం మొదలుపెట్టారు. ఒకే గది, ఒకే టీచరు, అన్ని తరగతుల పిల్లలూ కలిసే. కోతలప్పుడు పిల్లలు బడికి రారు. తిరిగి వచ్చేసరికి పాఠం ముందుకు వెళ్ళిపోయి ఉంటుంది. ఇక వాడు అందుకోలేడు, మానేస్తాడు. దీనికి వాళ్ళు ఆలోచించిన ఉపాయం పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీయడం. కొన్ని కార్డులు కలిస్తే ఒక మైలురాయి. మైలురాళ్ళన్నీ వరసగా ఒక నిచ్చెన బొమ్మ మీద చూపి గోడకు తగిలిస్తారు. చదవడం రాని పిల్లవాడు కూడా బొమ్మ గుర్తును బట్టి తన కార్డు తనే వెతుక్కుంటాడు. నెల రోజులు రాకపోయినా, ఏ మెట్టు మీద ఆగాడో ఆ మెట్టు నుంచే మళ్ళీ ఎక్కుతాడు.

ఈ తెలుగు పల్లె పద్ధతి సరిహద్దు దాటింది. వేలూరు జిల్లా కలెక్టరుగా వెట్టిచాకిరీ నుంచి విడిపించిన పిల్లల చదువు గురించి శ్రమించిన ఎం.పి. విజయకుమార్ అనే ఐ.ఏ.ఎస్. అధికారి, చెన్నై కార్పొరేషన్ కమిషనరుగా ఉండగా 2003లో పదమూడు కార్పొరేషన్ బడుల్లో దీన్ని ప్రవేశపెట్టారు. తరవాత కార్పొరేషన్ ప్రాథమిక బడులన్నిటికీ, 2007-08లో తమిళనాడు అంతటా 37 వేలకు పైగా బడుల్లో ఒకటి నుంచి నాలుగు తరగతులకు విస్తరించారు. మాధవరం అప్పటికి కార్పొరేషన్‌లో లేదు కాబట్టి, పట్నం బడులకు ముందు వచ్చిన నిచ్చెన ఆ పొలిమేర ఊరికి రాష్ట్రమంతటితో పాటే వచ్చింది.

ఆ పద్ధతికీ విమర్శలు లేకపోలేదు. కార్డులు చిరిగిపోయేవి, టీచర్లు చాలకపోయేవారు. పల్లెలో పదిమంది పిల్లలతో నడిచినది వేల బడుల్లో అదే శ్రద్ధతో నడవడం కష్టం. అయినా అది ఒక ముఖ్యమైన మార్పు తెచ్చింది. లెక్క ఇన్‌స్పెక్టరు సంచిలోంచి దిగి పిల్లవాడి కంటి ఎదుట గోడ మీదకు వచ్చింది.

తరవాత కరోనా వచ్చింది. 2020 మార్చిలో మూసిన బడులు తమిళనాడులో చిన్న తరగతులకు 2021 నవంబరు ఒకటిన గాని తెరవలేదు. ఇరవై నెలల నష్టం పూడ్చడానికి 2022 జూన్ 13న ‘ఎణ్ణుం ఎళుత్తుం’, అంటే అంకెలూ అక్షరాలూ, అనే పథకం మొదలైంది. మాధవరానికి ఆట్టే దూరం లేని అళింజివాక్కం బడిలోనే ముఖ్యమంత్రి దాన్ని ప్రారంభించారు. 2025 నాటికి ఎనిమిదేళ్ళ పిల్లలందరికీ చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలన్నది లక్ష్యం. పిల్లల్ని అరుంబు, మొట్టు, మలర్ అని మూడు స్థాయిల్లో చూస్తారు. మన మాటల్లో చెప్పాలంటే చిగురుమొగ్గ, మొగ్గ, పువ్వు. తప్పాడు, నెగ్గాడు అని కాదు, ఇంకా విచ్చుకోవాలి అని. మాట మంచిది. కాని ప్రతి పిల్లవాడి లెక్కా సెల్‌ఫోన్‌లో పైకి పంపాల్సి రావడంతో బోధనకు టైము చాలడం లేదని ఉపాధ్యాయ సంఘాలు అన్నాయి. నూట అరవై ఏళ్ళ కిందటి ప్రశ్న మళ్ళీ తలెత్తింది. లెక్క ఎవరికోసం?

సరిహద్దు పిల్లవాడికి ఇంకో చిక్కు ఉంది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏడాదికో తరగతి చొప్పున 2015-16లో పదో తరగతికి చేరింది. తెలుగు మొదలైన మైనారిటీ భాషల పిల్లలు తమిళ పేపరు నుంచి మినహాయింపు కోరుతూ కోర్టులకు ఎక్కారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును ఒక ఏడాది పొడిగించింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవడం పిల్లవాడికి మేలే. అందులో వాదం లేదు. కాని ఇంట్లో తెలుగు మాట్లాడే ఆరేళ్ళ పిల్లను తమిళంలో చదవమని చూసి, మొదటి మెట్టు మీదే ఉందని రాస్తే, ఆ లెక్క ఆ పిల్ల తెలివిని చెప్పదు. రెండు భాషల నడుమ దూరాన్ని చెబుతుంది. బళ్ళారిలో క్యాంప్‌బెల్ చూసింది కూడా అదే కదా.

కాబట్టి శ్రోతలకు నా మనవి ఒక్కటే. మీ పిల్లల బడికి వెళ్ళినప్పుడు ఎన్ని మార్కులు వచ్చాయని మాత్రమే అడిగి రాకండి. ఏం చదవగలుగుతోంది, ఎక్కడ ఆగింది, తరవాతి మెట్టు ఏమిటి అని టీచరమ్మను అడగండి. ఇంట్లో ఒక తెలుగు కథ చదివించి, అర్థం చెప్పించుకోండి. మైలురాయి నాటేది సర్కారే కావచ్చు. కాని అది నడిచేవాడి కోసం నాటిన రాయి. ఇంకా ఎంత దూరముందో ముందుగా తెలియాల్సింది ఆ నడిచే పిల్లవాడికే.