దెందులూరు మండల పరిషత్ పాఠశాలలు: యాజమాన్యం, పాలన, నిధుల తీరు

ఏలూరు జిల్లా దెందులూరు మండలంలోని దెందులూరు, కొవ్వలి, గోపన్నపాలెం తదితర గ్రామాలలో ప్రభుత్వ రంగ పాఠశాలల నామఫలకాలపై ప్రధానంగా రెండు పేర్లు కనిపిస్తాయి. ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలలు మండల ప్రజా పరిషత్ పేరున, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్ పేరున నడుస్తున్నవి. నామఫలకాన్ని బట్టి పాఠశాలకు కావలసిన ప్రతి రూపాయి పరిషత్తు నుండే వస్తుందని, ప్రతి నిర్ణయం పరిషత్తే తీసుకుంటుందని భావించడం పరిపాటి. వాస్తవంలో భవనం ఒక సంస్థది, ఉపాధ్యాయుల జీతం మరొక పద్దుది, సుద్దముక్కల ఖర్చు వేరొక పథకానిది. బాధ్యత ఎవరిదో తెలియని చోట పాఠశాల సమస్య కార్యాలయాల మధ్య తిరుగుతూ కాలహరణం జరుగుతుంది. అందుకు పిల్లలే నష్టపోతారు. పాత్రికేయులకు, క్షేత్రస్థాయి అధికారులకు ఉపయోగపడేందుకు ఈ వ్యవస్థ స్వరూపాన్ని వివరించడమైనది.

పూర్వరంగం

నేటి పరిషత్ పాఠశాలల మూలాలు మద్రాసు రాష్ట్రకాలపు స్థానిక పాలనలో ఉన్నవి. 1920 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం, అదే సంవత్సరపు ప్రాథమిక విద్యా చట్టం పాఠశాలల నిర్వహణలో జిల్లా, తాలూకా బోర్డులకు స్థానం కల్పించినవి. 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినది.

ఆంధ్రప్రదేశ్ అవతరణ అనంతరం 1959 నాటి పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టంతో జిల్లా బోర్డుల శకం ముగిసినది. ప్రాథమిక విద్య సమితులకు, మాధ్యమిక విద్య జిల్లా పరిషత్తులకు అప్పగించబడినది. 1986 చట్టంతో సమితుల స్థానంలో మండల ప్రజా పరిషత్తులు వచ్చినవి. రాజ్యాంగ 73వ సవరణ 1993లో అమలులోకి రాగా, దానికి అనుగుణంగా 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం రూపొందినది. స్థానిక సంస్థలకు అప్పగించదగిన 29 అంశాలను రాజ్యాంగ 11వ షెడ్యూలు పేర్కొన్నది. అందులో 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య. ఆ విధంగా యాజమాన్యం పేరు పరిషత్తులకు స్థిరపడినది. అయితే షెడ్యూలులో అంశం చేరినంత మాత్రాన నిధులు, సిబ్బంది బదిలీ కావు. ఎంత మేరకు బదలాయించాలో నిర్ణయించే అధికారం రాష్ట్ర శాసనసభదే.

పరిషత్తుల పాత్ర

మండలం నుండి ఎన్నికైన ప్రాదేశిక నియోజకవర్గ సభ్యుడు జిల్లా పరిషత్తులో ప్రాతినిధ్యం వహిస్తారు. జిల్లా పరిషత్తుకు గల ఏడు స్థాయీ సంఘాలలో విద్య, వైద్య సేవల సంఘం ఒకటి. పాఠశాలల వసతులు, ఖాళీలు, ఫలితాలపై అధికారులను వివరణ కోరేందుకు ఈ సంఘమే తగిన వేదిక. మండల స్థాయిలో సర్వసభ్య సమావేశం ఆ పని చేస్తుంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి, ఏలూరు ప్రత్యేక జిల్లా అయినది. 2021లో ఎన్నికైన పశ్చిమ గోదావరి జిల్లా పరిషత్తు మాత్రం ఏలూరు కేంద్రంగా ఉమ్మడి సంస్థగానే కొనసాగినది. అందువల్ల రెవెన్యూ జిల్లా హద్దు, పరిషత్తు హద్దు ఒకటి కావన్న విషయాన్ని అప్పటి గణాంకాలను పోల్చేటప్పుడు గమనించవలసి ఉన్నది.

పరిషత్తులకు 2006, 2014, 2021 సంవత్సరాలలో ఎన్నికలు జరిగినవి. 2011 నుండి 2014 వరకు, తిరిగి 2019 నుండి 2021 వరకు పాలకవర్గాలు లేక ప్రత్యేకాధికారుల పాలన సాగినది. ఆ కాలంలో కూడా పాఠశాలలు తెరుచుకున్నవి, జీతాలు అందినవి. దైనందిన పాలన పరిషత్తుపై కాక విద్యాశాఖపై ఆధారపడి ఉన్నదనడానికి ఇదే నిదర్శనం. కొరవడినది ప్రజాప్రతినిధులు ప్రశ్నించే వేదిక మాత్రమే.

పరిషత్తుకు చట్టరీత్యా మిగిలి ఉన్న బాధ్యతలు స్వల్పమైనవి కావు. 2009 నాటి ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం తొమ్మిదవ సెక్షను ప్రకారం తన పరిధిలోని 14 ఏళ్లలోపు పిల్లల వివరాలను నిర్వహించడం, ప్రతి పిల్లవాని చేరిక, హాజరును పర్యవేక్షించడం స్థానిక సంస్థ విధి. 32వ సెక్షను ప్రకారం బాలల విద్యాహక్కుకు భంగం కలిగిందని ఎవరైనా స్థానిక సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చును. మూడు నెలలలోగా దానిని పరిష్కరించవలెను. నిర్ణయం సంతృప్తికరం కానిచో రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చును.

విద్యాశాఖ యంత్రాంగం

బోధన, తనిఖీ, సిబ్బంది వ్యవహారాలు పాఠశాల విద్యాశాఖ అధీనంలో ఉన్నవి. జిల్లాకు జిల్లా విద్యాశాఖాధికారి, డివిజనుకు ఉప విద్యాధికారి, మండలానికి మండల విద్యాశాఖాధికారి ఉంటారు. ఉన్నత పాఠశాలల తనిఖీ ఉప విద్యాధికారికి, ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలల పర్యవేక్షణ మండల విద్యాశాఖాధికారికి సంబంధించినది. పని భారం దృష్ట్యా 2022లో ప్రతి మండలానికి రెండవ మండల విద్యాశాఖాధికారి పోస్టును ప్రభుత్వం మంజూరు చేసినది.

ఉపాధ్యాయుల నియామకం డీఎస్సీ ద్వారా జరుగుతుంది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు ప్రకటన వెలువడగా, జిల్లాల విభజన జరిగినప్పటికీ ఉమ్మడి జిల్లానే యూనిట్‌గా పరిగణించడమైనది. బదిలీల కొరకు 2025లో ప్రత్యేక చట్టం చేయబడినది. అందుచేత ఒక గ్రామ పాఠశాలకు ఉపాధ్యాయుని నియమించే అధికారం గాని, బదిలీ చేసే అధికారం గాని ఆ గ్రామ పంచాయతీకి, మండల పరిషత్తుకు లేదు. మంజూరైన పోస్టులలో ఖాళీలు పది శాతం మించరాదని విద్యాహక్కు చట్టం 26వ సెక్షను నిర్దేశిస్తున్నది.

పాఠశాల యాజమాన్య కమిటీ

రాష్ట్రంలో తల్లిదండ్రుల భాగస్వామ్యానికి తొలి చట్టబద్ధ రూపం 1998 నాటి పాఠశాల విద్యలో ప్రజా భాగస్వామ్య చట్టం. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన తరువాత పాఠశాల యాజమాన్య కమిటీలు ఏర్పడినవి. కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు కావలెను. సగం మంది మహిళలు ఉండవలెను. రాష్ట్ర నియమాల ప్రకారం ఒక్కొక్క తరగతి నుండి ముగ్గురిని తల్లిదండ్రులే ఎన్నుకుంటారు. వీరి నుండి అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు ఎన్నికవుతారు. ప్రధానోపాధ్యాయుడు సభ్య కన్వీనరు. వార్డు సభ్యుడు, అంగన్‌వాడీ కార్యకర్త, ఆరోగ్య కార్యకర్త తదితరులు హోదా రీత్యా సభ్యులు. 2024 ఆగస్టులో రాష్ట్రవ్యాప్తంగా ఈ కమిటీలకు ఎన్నికలు నిర్వహించడమైనది.

కమిటీ విధులు నాలుగు: పాఠశాల పనితీరును పరిశీలించడం, అభివృద్ధి ప్రణాళికను తయారు చేయడం, గ్రాంట్ల వినియోగాన్ని పర్యవేక్షించడం, ప్రభుత్వం అప్పగించిన ఇతర పనులు చేపట్టడం. వీటిలో ప్రణాళికకు విశేష ప్రాధాన్యం కలదు. 22వ సెక్షను ప్రకారం ప్రభుత్వం లేదా స్థానిక సంస్థ ఇచ్చే గ్రాంట్లకు ఈ ప్రణాళికే ఆధారం. రానున్న మూడేళ్లలో ఎందరు పిల్లలు చేరగలరు, ఎందరు ఉపాధ్యాయులు కావలెను, ఏ గదులు, ఏ వసతులు అవసరం, అందుకు ఎంత వ్యయమగును అన్న అంచనాలు అందులో ఉండవలెను. ప్రణాళిక లేని పాఠశాల అడిగినది వినతిగానే మిగులుతుంది. ప్రణాళికలో చేరినది చట్టం గుర్తించిన అవసరమవుతుంది. గ్రామ ప్రజలకు తమ పాఠశాల ఖర్చుపై నేరుగా మాట చెల్లే చోటు ఇదొక్కటే. కమిటీ సమావేశం సంతకాలకు పరిమితమైనచో ఆ అవకాశం కూడా చేజారిపోతుంది.

నిధుల మార్గాలు

జీతాలు: పాఠశాల వ్యయంలో సింహభాగం ఉపాధ్యాయుల జీతాలే. పరిషత్ ఉపాధ్యాయులకు సైతం రాష్ట్ర ఖజానా నుండి 010 పద్దు కింద జీతాలు చెల్లించబడుతున్నవి. ఈ మొత్తం పాఠశాల ఖాతాలోకి గాని, పరిషత్తు ఖాతాలోకి గాని చేరదు.

నిర్వహణ గ్రాంటు: సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్‌లను కలిపి 2018లో సమగ్ర శిక్ష పథకం ఆరంభించబడినది. ఇందులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. 2021లో సవరించిన ప్రమాణాల ప్రకారం వార్షిక కాంపొజిట్ గ్రాంటు విద్యార్థుల సంఖ్యను బట్టి నిర్ణయించబడినది. 30 మంది వరకు రూ.10 వేలు, 100 వరకు రూ.25 వేలు, 250 వరకు రూ.50 వేలు, 1,000 వరకు రూ.75 వేలు, ఆపైన రూ.1 లక్ష. ఇందులో కనీసం పది శాతం పరిశుభ్రతకు వెచ్చించవలెను. విద్యార్థులు తగ్గిన కొద్దీ గ్రాంటు తగ్గును. అయితే చిన్న పాఠశాల పైకప్పు కురిసినా మరమ్మతు ఖర్చు తగ్గదు. చిన్న గ్రామాల పాఠశాలలు ఎదుర్కొనే ప్రధాన ఇబ్బంది ఇదే.

మధ్యాహ్న భోజనం: 2001 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల మేరకు రాష్ట్రంలో 2003 నుండి వండిన భోజనం అందించబడుతున్నది. వంట ఖర్చును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టడమైనది.

భవనాలు: 2019 నవంబరు 14న ఆరంభమైన ‘మన బడి నాడు–నేడు’ తొలి దశలో 15,715 పాఠశాలలను చేపట్టి, పనుల నిధులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా ఖర్చు చేసే విధానాన్ని అనుసరించడమైనది. 2024 తరువాత ఈ పనులకు ‘మన బడి – మన భవిష్యత్తు’ అన్న పేరు వచ్చినది.

మరుగుదొడ్లు, తాగునీరు: తల్లులకు అందించే ఆర్థిక సహాయం నుండి కొంత భాగాన్ని పాఠశాల నిర్వహణకు కేటాయించే పద్ధతి ‘అమ్మ ఒడి’ కాలంలో వచ్చినది. 2025 జూన్‌లో అమలైన ‘తల్లికి వందనం’లో ఒక్కొక్క విద్యార్థికి నిర్ణయించిన రూ.15 వేలలో రూ.13 వేలు తల్లి ఖాతాకు చేరగా, రూ.2 వేలు పాఠశాలల నిర్వహణకు కేటాయించబడినవి. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి ముడిపడినవి.

స్థానిక పన్ను లేని పాఠశాల

ఉభయ గోదావరి జిల్లాల నుండి పలువురు నివాసం ఏర్పరచుకున్న అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ‘స్కూల్ డిస్ట్రిక్ట్’ అన్న ప్రత్యేక స్థానిక సంస్థ ఉంటుంది. పలు రాష్ట్రాలలో దానికి ఎన్నికైన బోర్డు ఉండి, స్థిరాస్తి పన్ను రాబడితో పాఠశాలలను నడుపుతుంది. సూపరింటెండెంటును ఆ బోర్డే నియమిస్తుంది. ఇక్కడ అటువంటి బోర్డు లేదు, పాఠశాల పన్ను లేదు. దెందులూరు గృహ యజమాని చెల్లించే ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలై జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరుతుంది గాని, పాఠశాలకు ఆ విధమైన రాబడి లేదు. అక్కడ సంపన్న ప్రాంతపు పాఠశాలకు ఎక్కువ, పేద ప్రాంతపు పాఠశాలకు తక్కువ రాబడి ఉండే ప్రమాదం కలదు. ఇక్కడ జీతాలు, గ్రాంటు ప్రమాణాలు రాష్ట్రమంతటా ఒక్కటే. అయితే చిన్న మరమ్మతుకైనా పైనుండి మంజూరు కొరకు నిరీక్షించవలసి వస్తుంది.

పునర్వ్యవస్థీకరణ, కొల్లేరు గ్రామాలు

2022 జూన్‌లో వెలువడిన 117వ నంబరు ఉత్తర్వుల మేరకు సమీపంలోని ఉన్నత పాఠశాలలకు 3, 4, 5 తరగతులను అనుసంధానించడమైనది. తత్ఫలితంగా మండల పరిషత్ పాఠశాల విద్యార్థులు జిల్లా పరిషత్ ప్రధానోపాధ్యాయుని పర్యవేక్షణలోకి వచ్చినారు. 2025 మేలో ఆ విధానాన్ని ఉపసంహరించి, తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలతో సహా కొత్త విభజనను ప్రభుత్వం ప్రకటించినది.

దూరం లెక్క కాగితంపై ఒకటి, కొల్లేటి చెంత మరొకటి. రాష్ట్ర నియమాలు ప్రాథమిక పాఠశాలకు ఒక కిలోమీటరు, ప్రాథమికోన్నత తరగతులకు మూడు కిలోమీటర్ల పరిధిని నిర్దేశించినవి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరులోకి చేరినప్పుడు ఏలూరు–కైకలూరు రహదారి మునిగి రాకపోకలు స్తంభించినవి. అట్టి సమయంలో కిలోమీటరు దూరం కూడా పిల్లలకు దాటరానిదే. వరద, దారి లేమి గల చోట పిల్లలకు ప్రమాదం లేకుండా పాఠశాల స్థలాన్ని నిర్ణయించవలెనని కేంద్రం 2010లో రూపొందించిన నియమాలు పేర్కొన్నవి. 1999లో ప్రకటించిన కొల్లేరు అభయారణ్య పరిధిలోని నిర్మాణాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. కనుక అచటి భవన ప్రతిపాదనలలో అటవీశాఖను తొలి దశలోనే సంప్రదించడం ఉచితం.

సమస్య ఏది, సమాధానం ఎవరిది

ఉపాధ్యాయ ఖాళీ, బదిలీ: జిల్లా విద్యాశాఖాధికారి. ప్రాథమిక పాఠశాల తనిఖీ, రోజువారీ నిర్వహణ: మండల విద్యాశాఖాధికారి. స్థలం, భవనం, ఆక్రమణ: సంబంధిత పరిషత్తు. కాంపొజిట్ గ్రాంటు: సమగ్ర శిక్ష జిల్లా కార్యాలయం. గ్రాంటు ఖర్చు లెక్క: ప్రధానోపాధ్యాయుడు, యాజమాన్య కమిటీ. బడి బయటి పిల్లలు, హక్కుల ఫిర్యాదు: స్థానిక సంస్థ.

ప్రతి పాఠశాల యాజమాన్యం, విద్యార్థులు, ఉపాధ్యాయులు, వసతుల వివరాలు 11 అంకెల యూడైస్ సంఖ్య కింద నమోదై ఉంటాయి. అభివృద్ధి ప్రణాళికను, కమిటీ తీర్మానాలను, గ్రాంటు ఖర్చు వివరాలను సమాచార హక్కు చట్టం, 2005 కింద కోరవచ్చును. పాఠశాల వార్తను సేకరించేవారు, సమస్యను విచారించే అధికారులు ముందుగా ఆ పాఠశాల మూడేళ్ల ప్రణాళికను చూడడం మంచిది. అడిగినదేమి, మంజూరైనదేమి, ఖర్చయినదేమి అన్న మూడు ప్రశ్నలకు సమాధానం అక్కడి నుండే మొదలవుతుంది.