మొక్కల శాస్త్రంలో అందరికీ చోటు: బాపట్ల డెల్టా

మొక్కల శాస్త్రంలో సమ్మిళితత్వం అంటే వంగడాల రూపకల్పన, సస్యరక్షణ, వృక్షశాస్త్రం వంటి రంగాల్లో చదువుకూ ఉద్యోగానికీ పరిశోధనకూ స్త్రీలకు, దళితులకు, గిరిజనులకు, భూమిలేని కుటుంబాలకు దారి తెరిచి ఉండటం. దీన్ని పరిశీలించడానికి బాపట్ల జిల్లా తగిన చోటు. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో మొదలైంది. 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, ఇక్కడి వరి పరిశోధన ఫలమే. చెరుకుపల్లి, రేపల్లె మాగాణుల్లో నాట్లు వేసేదీ కలుపు తీసేదీ ఎక్కువగా ఆడకూలీలు. సేద్యగాళ్లలో చాలామంది కౌలుదారులు. కళాశాలకూ వీరికీ మధ్య దూరం కిలోమీటర్లలో తక్కువే, ప్రవేశ నిబంధనల్లో ఎక్కువ.

ఆ నిబంధనల్లో ముఖ్యమైనది రైతు కోటా. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం బీఎస్సీ అగ్రికల్చర్ సీట్లలో 40 శాతం పల్లెల్లో చదివిన రైతుబిడ్డలకు కేటాయిస్తుంది. పట్నం కోచింగ్ సెంటర్ల పిల్లలే సీట్లన్నీ ఎగరేసుకుపోకుండా ఇది అడ్డుకట్ట వేసింది. ఆ మేలు కాదనలేం. అయితే రైతు అనిపించుకోవడానికి కుటుంబానికి కనీసం ఎకరం సొంత పొలం ఉండాలి. డెల్టాలో పొలం ఒకరిది, సేద్యం మరొకరిది. పొలం కౌలుకిచ్చి ఊళ్లో వ్యాపారం చేసుకునే ఇంటి పిల్లవాడు ఈ లెక్కన రైతుబిడ్డ. అదే పొలం దున్నుకునే కౌలుదారు కూతురు కాదు. కుల రిజర్వేషన్లు, ఆడపిల్లల రిజర్వేషన్లు ఉన్నాయి కదా, ఇంకో మెట్టు ఎందుకని అడగవచ్చు. అవి కులాన్నీ స్త్రీత్వాన్నీ చూస్తాయి, భూమిలేమిని చూడవు. కౌలుదారును సాగుదారుగా 2019 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమే గుర్తించింది. కోటా మాత్రం ఇంకా పాసుపుస్తకం దగ్గరే ఆగింది. పొరుగున తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2025లో వ్యవసాయ కూలీల పిల్లలకూ కొంత వాటా ఇచ్చింది కాబట్టి కోటాను విస్తరించడం అసాధ్యమేమీ కాదు.

ఇలా కోటా విస్తరిస్తే ప్రతిభ పలచబడుతుందన్నది పాత అభ్యంతరం. దానిలో కొంత బలముంది. సాంబ మసూరికి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చి 2008లో మెరుగైన రకాన్ని తెచ్చింది హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు. అది నాట్లు వేసిన అనుభవంతో అయ్యే పని కాదు. కానీ ఏ లోపాన్ని ముందు సరిచేయాలన్నది ప్రయోగశాల ఒక్కటే తేల్చలేదు. వరి కోతకు ముందే తడి నేలలో మినుము చల్లే ఈ ప్రాంతంలో బంగారు తీగ ఎప్పుడు అల్లుకుంటుందో, పల్లాకు తెగులు ఏ మూల నుంచి మొదలవుతుందో ముందుగా కంటబడేది చేలో వంగి పనిచేసేవారికే. విత్తన మడిలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరేది ఆడకూలీలు. నంద్యాల, గద్వాల వైపు పత్తి చేలలో పువ్వు పువ్వునూ విప్పి చేత్తో పరాగం అద్దే క్రాసింగ్ పనీ వాళ్లదే. వంగడాల శాస్త్రవేత్త చేస్తే శాస్త్రం, వాళ్లు చేస్తే దినకూలీ. రువాండాలో 1990 ప్రాంతాల్లో చిక్కుడు రకాల ఎంపికను మహిళా రైతులకు అప్పగిస్తే, వారు ఎంచినవి పొలాల్లో శాస్త్రవేత్తలు ఎంచినవాటికన్నా మెరుగైన దిగుబడి ఇచ్చాయి.

తరగతుల్లో ఆడపిల్లలు నిండుగా ఉన్నారు, ఇక కొరతేమిటని మరికొందరంటారు. ప్రవేశం దొరికితే ఎదుగుదల దానంతటదే రాదు. వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ కోయంబత్తూరులో చెరకు సంకరాలు సృష్టించినా అక్కడ ఎదురైన వివక్షతో ఇంగ్లండు వెళ్లవలసి వచ్చింది. అక్కడి జన్యుశాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి ఆమె రాసిన సాగు మొక్కల క్రోమోజోముల గ్రంథం 1945లో అచ్చయింది, బాపట్ల కళాశాల పుట్టిన ఏడే. ఆ వివక్ష రూపం మారింది: రాత్రివేళ ప్రయోగశాల నుంచి ఇంటికి చేరే దారి, పసిబిడ్డల సంరక్షణ, తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు పరిశోధన ఇంగ్లిషు గోడ కావడం. వీటికి మందు కోటా కాదు. హాస్టలు, శిశు సంరక్షణ కేంద్రం, భాషలో సాయం.

ఐక్యరాజ్యసమితి 2026ను అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. దానికి తగిన చిన్న అడుగు ఇక్కడే వేయవచ్చు. బాపట్ల విద్యార్థులు చివరి ఏడాది గ్రామానుభవ కార్యక్రమం కింద రైతుల దగ్గర పని నేర్చుకుంటారు. ఆ రైతుల జాబితాలో కౌలుదారులనూ నాట్ల ముఠా ఆడవాళ్లనూ చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. విశ్వవిద్యాలయం ఆ పని ఈ ఏడే మొదలుపెట్టాలి.