అమరావతీ శిల్పముల ఛాయాచిత్రములు

అమరావతీ స్తూపశిల్పములనుగూర్చి పండితులు వ్రాసిన గ్రంథములు పెక్కులు గలవు. ఆ శిల్పము లే కాలమునాఁటివి, అందుఁ జెక్కఁబడిన బుద్ధకథ లెవ్వి, శాసనములందుఁ బేర్కొనఁబడిన దాత లెవ్వరు అను విషయములు చాలవఱకు విచారింపఁబడినవి. కాని యా విచారమునకు సాధనమైన ఛాయాచిత్రముల చరిత్రము తఱచుగా మఱుగుపడుచుండును. ఆ శిల్పములలో నొకపాలు చెన్నపురియందును, నొకపాలు లండనునందును, మిగిలినవి యమరావతియందును దేశాంతరములందలి ప్రదర్శనశాలలయందును ఉన్నవి. వాని నన్నింటిని ఒక్కచోటఁ జేర్చి చూచుటకుఁ బటములు దక్క వేఱు మార్గము లేదు. కావున ఆ పటము లెప్పుడు, ఎట్లు తీయఁబడినవో, ఏ విషయమున నమ్మఁదగినవో, ఏ విషయమునఁ జాలవో తెలిసికొనుట యావశ్యకము.

ఛాయాగ్రహణవిద్య లోకమునకుఁ బ్రకటింపఁబడినది 1839వ సంవత్సరమున. అమరావతీ స్తూపము చెడుట యంతకు నలువదేండ్లకు ముందే ప్రారంభమయ్యెను. పదునెనిమిదవ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడు నూతనపట్టణమును నిర్మించుకాలమున ఆ దిబ్బ త్రవ్వఁబడి, అందలి రాళ్లు కట్టడములకుఁ గొనిపోఁబడెను. కాలిన్ మెకంజీ యా వార్త విని వచ్చి చూచెను; 1816వ సంవత్సరమున మరల వచ్చి, తనయొద్ద నున్న చిత్రకారులచే నాఁటికిఁ గానవచ్చిన ఫలకముల రూపములను వ్రాయించెను. ఆ ఫలకములలోఁ గొన్ని తరువాత నదృశ్యములయ్యెను. వాని విషయమున నా చేతివ్రాఁత పటములే మిగిలిన సాక్ష్యము. పటము లేకున్న శిల్పము పోయినదన్న సంగతియుఁ దెలియకపోయెడిది.

1845వ సంవత్సరమున వాల్టర్ ఇలియట్ ఆ దిబ్బను మరలఁ ద్రవ్వించి, దొరకిన శిల్పములను చెన్నపురికిఁ బంపెను. అవి యచ్చటఁ జాల యేండ్లు ఆరుబయట నెండవానలకు గుఱియై పడియుండెను. ఎడ్వర్డు బాల్ఫరు అధ్యక్షతను 1851లో నేర్పడిన సెంట్రల్ మ్యూజియమున వానికిఁ దుదకుఁ జోటు దొరకెను. అప్పటికి వానికి ‘ఇలియట్ మార్బుల్స్’ అను పేరు స్థిరపడినది. ఈ పేరున రెండు దోషములు గలవు. ఆ శిల చలువరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. మఱియు, త్రవ్వించినవాని పేరు నిలిచి, శిల్పములు పుట్టిన యూరి పేరు మఱుగుపడినది.

ఆ ఫలకములను మొదట ఛాయాపటములుగాఁ దీసినవాఁడు లిన్నేయస్ ట్రైప్. ఇతఁడు 1822లో ఇంగ్లండునందలి డెవన్‌పోర్టున జన్మించి, చెన్నపురి సైన్యమునఁ గొలువు చేసి, 1855లో ఆవా రాజధానికిఁ బోయిన రాయబారవర్గముతోఁ గూడి బర్మాదేశపు కట్టడముల పటములు తీసి ప్రసిద్ధి కెక్కెను. పిదప చెన్నపురి ప్రభుత్వమువారు ఇతనిని తమ ఛాయాగ్రాహకునిగా నియమించిరి. 1858వ సంవత్సరమున నితఁడు మ్యూజియమునందలి యమరావతీ శిల్పములను బటములుగాఁ దీసి గ్రంథరూపమునఁ గూర్చెను. కొన్ని పటములం దొక్కొక్క ఫలకమే కలదు. మఱికొన్నింటఁ బెక్కు ముక్కలు ప్రక్కప్రక్కనఁ జేర్పఁబడినవి. 1859లో గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెల్యన్, ఇది యధికవ్యయమని తలఁచి ఛాయాగ్రహణకార్యమును నిలిపివేసెను.

ఇతఁడు 1858వ సంవత్సరముననే తీసిన తంజావూరి పటముతో వీనిఁ బోల్చి చూచిన నొక విశేషము తోఁచును. బృహదీశ్వరాలయపు అధిష్ఠానముపైని శాసనము నితఁడు ఖండఖండములుగాఁ దీసి, 21 పటములను వరుసగా నతికి, సుమారు 19 అడుగుల పొడవుగల యొక్క చుట్టగాఁ జేసెను. ఆలయము చెక్కుచెదరక నిలిచియుండెను గనుక, గోడమీఁది వరుసయే పటములకును వరుసయయ్యెను. అమరావతీ ఫలకముల విషయమున నట్లు చేయుటకు వీలు లేదు. కెమెరా వచ్చునప్పటికే యవి తమ తావులనుండి పెకలింపఁబడినవి. ఏ రాతి ప్రక్క నేది నిలిచెనో తెలుపు గోడ లేదు. కాఁబట్టి తంజావూరి పటములు కట్టడమును జూపుచున్నవి. చెన్నపురి పటములు వస్తువులను మాత్రమే చూపుచున్నవి. లోపము ఛాయాగ్రాహకునిది గాదు. అతనికి ముందు త్రవ్వినవారిది.

అయినను ట్రైప్ పటముల విలువ తక్కువది కాదు. 1859లో 121 శిల్పఖండములు ఓడపై లండనునకుఁ బంపఁబడెను. అవి మొదట థేమ్సునదీతీరపు గిడ్డంగియందును, తరువాత ఫైఫ్ హౌసునందును ఉండి, 1880 ప్రాంతమున బ్రిటిష్ మ్యూజియమునకుఁ జేరెను. ఇన్ని చేతులు మాఱిన శిల కెప్పుడు దెబ్బతగిలెనో చెప్పుటకు 1858నాఁటి పటమే ప్రమాణము. అందు నిండుగా నున్న మొగము నేఁడు విఱిగియున్నచో, ఆ విఱుగుట ప్రయాణమునఁ గాని యా తరువాతఁ గాని జరిగినదని నిశ్చయింపవచ్చును. తేదీ తెలిసిన పటమునకు మాత్రమే యీ శక్తి గలదు.

ఇఁక వీని కొఱఁతలు. ఒక్కపటమున నొక్కముఖమే కానవచ్చును. బ్రిటిష్ మ్యూజియమునందలి యొక ఫలకమున కొకవైపున క్రీస్తుపూర్వము చెక్కఁబడిన బోధివృక్షపూజయు, రెండవవైపునఁ గొన్ని శతాబ్దముల తరువాతఁ జెక్కఁబడిన స్తూపరూపమును గలవు. పూర్వుల రాతినే త్రిప్పి తరువాతివారు మరల వినియోగించిరి. ఒక్కవైపు పటమునే చూచినవాఁ డా రాతి వయస్సు నొక్కటిగాఁ దలఁచి పొరపడును. వెలుతురు విషయమును నిట్టిదే. ప్రక్కనుండి వాలుగాఁ బడిన వెలుతురున నుబ్బుచిత్రపు లోఁతు తేటపడును. ఎదుటనుండి పడిన వెలుతురున నదియే చదునై తోఁచును. ముక్కల నొక్కచోఁ జేర్చి తీసినపుడు కొలబద్ద లేకున్న నవి యొక స్తంభమునకుఁ జెందినవో వేఱువేఱు స్తంభములవో తెలియదు.

పటముల బలమును బలహీనతయు జేమ్స్ ఫెర్గుసను పనియందు స్పష్టముగాఁ గానవచ్చును. 1867వ సంవత్సరపు పారిస్ ప్రదర్శనమునకై భారతీయ వాస్తుచిత్రములను సమకూర్చుచు, ఆయన ఫైఫ్ హౌసులో మూలఁబడియున్న యీ శిల్పములను గుర్తించెను. విలియం గ్రిగ్స్‌చేఁ బటములు తీయించి, వానిని మెకంజీ చిత్రములతోఁ బోల్చి, స్తూపప్రాకారపు రూపమును మరలఁ గూర్పఁ బ్రయత్నించెను. బరువైన రాళ్లను గదల్పకయే కాగితములపై జరపి చూచుట పటములచేతనే సాధ్యమయ్యెను. కాని 1868లో వెలువడిన గ్రంథమున కాయన ‘వృక్షసర్పపూజ’ యను నర్థముగల పేరు పెట్టెను. బోధివృక్షము బుద్ధునకు సంకేతమనియు, నాగులు బౌద్ధకథలలోని పాత్రలనియు తరువాతి పండితులు వివరించిరి. పటము రూపమును జూపును, అర్థమును జెప్పదు.

ఇంతకంటె విచారకరమైన సంగతి యమరావతియందే జరిగినది. 1877లో రాబర్ట్ సూయల్ కొంతభాగమును ద్రవ్వించెను. 1880లో ప్రభుత్వపు టాజ్ఞచే దిబ్బయంతయుఁ ద్రవ్వివేయఁబడెను. 1881వ సంవత్సరాంతమున జేమ్స్ బర్జెస్ వచ్చి చూచునప్పటికి స్తూపమున్నచోట గుండ్రని పెద్దగుంట మిగిలియుండెను. ఆయన గ్రంథము 1887లో వెలువడినది. ఫలకముల పటములు వందలకొలఁది గలవు గాని, స్తూపము నిండుగా నున్న పటము లోకమున నొక్కటియు లేదు.

అయినను ఆ కొఱఁతను శిల్పులే కొంత తీర్చిరి. స్తూపపు పీఠమునకుఁ దాపిన కొన్ని ఫలకములపై వారు స్తూపమునే చెక్కిరి. అందుఁ బ్రాకారము, ద్వారమునొద్ద సింహములు, వాని వెనుక నైదు ఆయకస్తంభములు, పైని అండము, చుట్టును ఎగురు దేవతలు కానవచ్చుచున్నారు. నేఁడు పడిపోయిన కట్టడమును జూడఁగోరువారి కీ ఫలకముల ఛాయాచిత్రములే దర్పణములు. వాస్తువు నశించినను ప్రదర్శనవస్తువునందు దాని రూపము నిలిచియున్నది.

నేఁడు మ్యూజియమునకుఁ బోవు విద్యార్థియుఁ జేతియందు కెమెరా గలవాఁడే. అనుమతిగల చోట నాతఁడు తీయు పటము చరిత్రమునకు సాధనము కావలయునన్నఁ గొన్ని నియమములు చాలును. ఫలకపు సంఖ్యను, తేదీని వ్రాసికొనవలయును. ప్రక్కనుండి వెలుతురు పడునట్లు నిలిచి తీయవలయును. వెనుకవైపు కానవచ్చినచో దానిని విడువరాదు. ఫలకముతోపాటు అది నిలిచిన గోడను, గదినిఁ గూడ నొక్కపటమునఁ దీయవలయును. ఈ కడపటి నియమము నల్పముగా నెంచరాదు. అమరావతియందు మొదట రాళ్లను గదల్చినవారు వాని తావును గుర్తించియుండినచో, రెండువందల యేండ్లుగాఁ బండితులు పడుచున్న శ్రమలోఁ జాలభాగము తప్పియుండెడిది.