మెట్లు లేని మేడ: అమెరికాలో చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుల ఆయుర్దాయం

ఇంగ్లండులో ‘నాన్-లీగ్’ అన్న మాటకు ఒక ప్రత్యేకమైన అర్థం ఉంది. ప్రీమియర్ లీగు, దాని కింద ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగులోని మూడు శ్రేణులు – ఈ నాలుగు అంతస్తులలోనూ చోటు లేని క్లబ్బులన్నీ నాన్-లీగ్ క్లబ్బులే. వీటిలో చాలావాటికి ప్రేక్షకులు కొన్ని వందలమంది. ఆటగాళ్ళలో ఎందరో పగలు వేరే ఉద్యోగాలు చేసుకునేవారు. అటువంటి క్లబ్బును జన్మంతా అంటిపెట్టుకున్న అభిమానికి గెలుపులు అరుదు. అయినా రెండు భరోసాలు ఉంటాయి. ఒకటి, తాత వెళ్ళిన మైదానానికే మనవడూ వెళ్ళవచ్చునన్న నమ్మకం. రెండు, ఎంత కిందనున్న క్లబ్బుకైనా గెలిస్తే పై అంతస్తుకు ఎక్కే మెట్లు ఉండడం. 1987 నుంచి నాన్-లీగ్ విజేతకు లీగులోకి నేరుగా ప్రవేశించే అవకాశం కూడా ఏర్పడింది.

అమెరికాలో ఈ రెండు భరోసాలూ లేవు. ఇక్కడి పెద్ద లీగులు మెట్లు లేని మేడలు. పై అంతస్తులో చోటు కావాలంటే గెలవడం చాలదు, భారీ ప్రవేశ రుసుము చెల్లించి కొనుక్కోవాలి. కొన్నవారికి ఓడినా కిందికి దిగవలసిన అవసరం లేదు. యజమాని తలచుకుంటే జట్టును మరో ఊరికి తరలించుకుపోవచ్చు కూడా. 1984 మార్చిలో ఒక రాత్రి బాల్టిమోర్ కోల్ట్స్ సామానంతా లారీలకెక్కి ఇండియనాపొలిస్ చేరిన ఉదంతం ఇక్కడ అందరికీ తెలిసినదే. అది అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి. సాకర్ అని ఇక్కడ పిలిచే అసలు ఫుట్‌బాల్‌లోనైతే జట్టు తరలిపోవడం కన్నా జట్టూ లీగూ కలిసి అంతరించిపోవడమే ఎక్కువ. పెలే వంటి ఆటగాణ్ణి రప్పించిన నార్త్ అమెరికన్ సాకర్ లీగు 1984తో ముగిసిపోయింది. మరి ఇటువంటి దేశంలో ఒక చిన్న క్లబ్బుకు జీవితకాల అభిమానిగా ఉండడం సాధ్యమేనా? అభిమాని కన్నా ముందు క్లబ్బే కన్నుమూస్తుంటే ఆ అభిమానానికి ఆధారమేమిటి?

ఈ ప్రశ్నకు పెన్సిల్వేనియాలోని బెత్లెహేం పట్టణం చరిత్రలో కొంత సమాధానం దొరుకుతుంది. అక్కడి ఉక్కు కర్మాగారపు ఉద్యోగుల ఆటగా 1907లో మొదలైన జట్టు, కంపెనీ అండతో బెత్లెహేం స్టీల్ ఫుట్‌బాల్ క్లబ్బుగా రూపొందింది. స్కాట్లండు నుంచి, ఇంగ్లండు నుంచి వచ్చిన ఆటగాళ్ళకు జీతాలిచ్చారు, మంచి మైదానం కట్టారు. నేడు యు.ఎస్. ఓపెన్ కప్పుగా పిలిచే జాతీయ పోటీని ఆ జట్టు ఐదుసార్లు – 1915, 1916, 1918, 1919, 1926లలో – గెలిచింది. 1919లో స్కాండినేవియా పర్యటనకూ వెళ్ళింది. 1924-25 సీజనులో ఆర్చీ స్టార్క్ ఈ జట్టు తరఫున అమెరికన్ సాకర్ లీగులో 67 గోల్స్ చేశాడు. అయితే 1928లో లీగుకూ జాతీయ సమాఖ్యకూ మధ్య రేగిన తగాదా ఆటను చీల్చింది. వెనువెంటనే ఆర్థికమాంద్యం వచ్చింది. 1930లో జట్టును రద్దు చేశారు. దాన్ని ప్రేమించినవారు ఊళ్ళోనే ఉన్నారు. కానీ ఆ నిర్ణయంలో వారికి ప్రమేయమేమీ లేదు. జట్టు కంపెనీ సొత్తు, కంపెనీకి అది ఖర్చు పద్దులో ఒక వరుస.

తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. సరిగ్గా ఇటువంటిదే మన హైదరాబాదులోనూ జరిగింది. ఉపాధ్యాయవృత్తి నుంచి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. డ్యూరండ్ కప్పు తుదిపోరులో మోహన్ బగాన్‌నీ, ఈస్ట్ బెంగాల్‌నీ ఓడించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం పొందిన భారత జట్టుకూ, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచిన జట్టుకూ రహీమే శిక్షకుడు. 1963లో ఆయన కేన్సరుతో మరణించారు. ఆ తరువాత పోలీసు జట్టు ప్రాభవం క్రమంగా తగ్గి, జాతీయ ఫుట్‌బాల్‌లో దాని పేరు వినిపించడమే అరుదైపోయింది.

రహీం మరణమే దీనికి కారణమనడం తేలిక. కానీ ఆ రోజుల్లో ఆయన జట్టు ఓడించిన మోహన్ బగాన్ 1889లో పుట్టింది, ఈస్ట్ బెంగాల్ 1920లో పుట్టింది. రెండూ నేటికీ ఉన్నాయి. ఎందరో శిక్షకులు పోయారు, ఎన్నో ఓటములు వచ్చాయి, క్లబ్బులు మాత్రం నిలిచాయి. తేడా ఆటలో లేదు, నిర్మాణంలో ఉంది. కలకత్తా క్లబ్బులకు చందా కట్టే సభ్యులున్నారు, ఎన్నికలున్నాయి, కొట్లాడుకునే హక్కు ఉంది. 2020లో మోహన్ బగాన్ పేరుకు ముందు ఒక వ్యాపార సంస్థ పేరు వచ్చి చేరితే అభిమానులు ఏళ్ళ తరబడి నిరసన తెలిపారు. 2023లో దాన్ని తొలగించక తప్పలేదు. హైదరాబాద్ జట్టు ఒక ప్రభుత్వ శాఖది. చూడడానికి జనం వచ్చేవారు, వారికి సభ్యత్వమంటూ ఉండేది కాదు.

సభ్యులుగా మారగలిగిన అభిమానులు ఏం చేయగలరో లండన్‌లోని వింబుల్డన్ చూపించింది. 2002లో వింబుల్డన్ క్లబ్బును సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి లభించగానే, అభిమానులు తామే ఏఎఫ్‌సీ వింబుల్డన్ స్థాపించుకున్నారు. దిగువ శ్రేణి నాన్-లీగ్ పోటీలలో మొదలై, తొమ్మిదేళ్ళలో, 2011కల్లా, ఫుట్‌బాల్ లీగులోకి ఎక్కారు. అక్కడ మెట్లున్నాయి కనుక ఎక్కగలిగారు.

మెట్లు లేనిచోట ఏం చేయాలి? డెట్రాయిట్ నగరం వెతుక్కున్న దారి గమనించదగినది. నగరంలోని పేటల మధ్య ఔత్సాహికులు ఆడుకునే పోటీల నుంచి పుట్టిన ఆలోచనతో, 2012లో ఐదుగురు స్నేహితులు డెట్రాయిట్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్బును నాలుగో శ్రేణిలో ప్రారంభించారు. ఆడేవారు ఎక్కువగా వేసవి సెలవులలో ఉన్న కాలేజీ విద్యార్థులు. మైదానం ఒక ఉన్నత పాఠశాలది. నార్దర్న్ గార్డ్ పేరుతో డప్పులు మోగిస్తూ, రంగుల పొగలు వదులుతూ వచ్చే అభిమానులకు ఆ మైదానం త్వరలోనే చాలలేదు. పక్కనే ఉన్న హామ్‌ట్రామ్క్‌లో కీవర్త్ స్టేడియం శిథిలావస్థలో ఉంది. మాంద్యం నాటి ఉపాధి పథకం కింద కట్టిన ఆ స్టేడియాన్ని 1936 అక్టోబరులో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ప్రారంభించారు. ఒకనాడు కార్ల కర్మాగారాలలో పనిచేసే పోలిష్ కార్మికులది, ఇప్పుడు యెమెన్, బంగ్లాదేశ్‌ల నుంచి వచ్చినవారిది ఆ ఊరు. స్టేడియం మరమ్మతుకు క్లబ్బు బ్యాంకుల చుట్టూ తిరగకుండా అభిమానులనే అప్పు అడిగింది. 500 మందికి పైగా కలిసి సుమారు 7.4 లక్షల డాలర్లు ఇచ్చారు. 2016లో అక్కడ ఆట మొదలైంది. 2020లో కోవిడ్ ఆటలను ఆపేసిన ఏడాది, క్లబ్బులో సుమారు పదో వంతు వాటాను సామాన్యులకు అమ్మకానికి పెడితే వేలమంది కొన్నారు. 2022లో రెండో శ్రేణిలో చేరిన క్లబ్బు ఆ ఏప్రిల్‌లోనే ఓపెన్ కప్పు పోటీలో పై శ్రేణి జట్టు కొలంబస్ క్రూను 2-1తో ఓడించింది.

దీన్ని అద్భుతగాథగా చెప్పడం సరికాదు. నాలుగో శ్రేణి నుంచి రెండో శ్రేణికి ఈ క్లబ్బు గెలిచి ఎక్కలేదు. లీగులు మారి చేరింది. పదో వంతు వాటాతో అధికారం చేతికి రాదు. క్లబ్బు 2024లో డెట్రాయిట్‌లోని మూతపడిన ఒక ఆసుపత్రి స్థలంలో కొత్త స్టేడియం కడతామని ప్రకటించింది. అభిమానులు తమ డబ్బుతో నిలబెట్టిన కీవర్త్‌ను విడిచి వెళ్ళాక వారి మాటకు ఎంత విలువ ఉంటుందో అప్పుడు తేలుతుంది. కానీ నమూనాకు ఈ దేశంలోనే పూర్వోదాహరణ ఉంది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో లక్ష జనాభా ఉన్న గ్రీన్ బే పట్టణపు ప్యాకర్స్ జట్టు 1923 నుంచి ప్రజల వాటాలతో నడుస్తున్నది. ఆ వాటాకు డివిడెండు రాదు. అయినా వాటాదారులు 5 లక్షలకు పైగా ఉన్నారు, జట్టు ఊరు కదలలేదు.

హైదరాబాదుకు 2019లో మళ్ళీ ఒక పెద్ద క్లబ్బు వచ్చింది. పుణే క్లబ్బు మూతపడితే దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడింది. 2021-22లో ఇండియన్ సూపర్ లీగు విజేత అయింది. తరువాత ఆర్థికంగా కుంగి, యాజమాన్యం మారి, 2025లో ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. 1984 నాటి బాల్టిమోర్ వాసులకు జరిగినదే 2025లో హైదరాబాద్ వాసులకు జరిగింది. మెట్లు లేని మేడ నమూనాను మనం అమెరికా నుంచి అరువు తెచ్చుకున్నాం. దానితోపాటు తరలింపూ వచ్చింది.

వైద్యులకు ఒక అలవాటు ఉంటుంది: రోగి పోయాక మరణకారణాన్ని సరిగ్గా రాయడం. బెత్లెహేం స్టీల్ విషయంలో ఆర్థికమాంద్యం అనీ, హైదరాబాద్ పోలీసు విషయంలో రహీం మరణం అనీ రాస్తే అవి తక్షణ కారణాలు మాత్రమే. మూలకారణం ఒకటే – ప్రేమించినవారి పేరు పుస్తకాలలో ఎక్కడా లేకపోవడం. విదేశాలలో స్థిరపడిన మనలో చాలామంది పిల్లలను శనివారం ఉదయాలు సాకర్ మైదానాలకు తీసుకువెళుతూనే ఉన్నాం. ఆ మైదానాలకు దగ్గరలో ఏదో ఒక చిన్న క్లబ్బు ఉంటుంది. టికెట్టు కొనడంతో ఆగకుండా సభ్యత్వం ఉందేమో, వాటా ఉందేమో అడగడం మంచిది. ఆ పిల్లలు పెద్దవారై తమ పిల్లలను తీసుకువచ్చేనాటికి ఆ క్లబ్బు ఉంటుందా ఉండదా అన్నది చాలావరకు ఆ సమాధానం మీద ఆధారపడి ఉంటుంది.